నేల, బెంచీ, కుర్చీ: ఫిల్మ్ సొసైటీ ఎవరిది?

సినిమా హాల్లో దీపాలు ఆర్పగానే కులం కనిపించకుండా పోతుందని ఒక నమ్మకం ఉంది. చీకట్లో పక్కన కూర్చున్నవాడు ఎవడో తెలియదు. అందరి కళ్లూ తెర మీదే. అందరూ ఒకేసారి నవ్వుతారు, ఒకేసారి కళ్లు తుడుచుకుంటారు. కాబట్టి సినిమా హాలు మన దేశంలో అందరికీ తలుపులు తెరిచిన మొదటి చోటు అని సినిమా మీద ప్రేమున్న మేధావులు రాస్తుంటారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు చుండూరు గుర్తొస్తుంది.

1991 జులైలో చుండూరు సినిమా హాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లో కూర్చున్న రెడ్ల కుర్రాడికి తగిలింది. జరిగింది అంతే. దాని మీద గొడవ, దెబ్బలు, ఆపైన దళితవాడ మీద సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న వేటాడి వేటాడి ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. కారంచేడులో గొడవ చెరువు నీళ్ల దగ్గర మొదలైతే, చుండూరులో సినిమా హాల్లో మొదలైంది. చీకట్లో కులం కనపడదనేవాళ్లు ఈ కాలి సంగతి ఏం చెబుతారు?

ఒక్క కాలు తగిలితేనే ఎనిమిది ప్రాణాలు పోలేదన్నది నిజమే. భూమి, చదువు, ఉద్యోగాలు, రాజకీయం అన్నీ దాని వెనక ఉన్నాయి. అయినా అదంతా బయటపడింది సినిమా హాల్లో. ఎందుకక్కడే? ఆ సంగతి తేలితేగాని ఫిల్మ్ సొసైటీ గురించి మాట్లాడే అర్హత మనకు రాదు.

పాత టూరింగ్ టాకీసులు చూసినవాళ్లకి తెలుసు. నేల, బెంచీ, కుర్చీ. తెరకి దగ్గరగా, మెడ నొప్పి పుట్టేలా తలెత్తి చూసేది నేల టికెట్. అక్కడ కూర్చునేది కూలీ జనం, అంటే ఎక్కువగా మాల మాదిగలు, చేతివృత్తుల వాళ్లు. వెనకాల, ఎత్తు మీద, తెర మొత్తం కంటికి ఆనే చోట కుర్చీ. అక్కడ కూర్చునేది ఎవరో చెప్పక్కర్లేదు. ఊరికీ వాడకీ మధ్య ఉన్న దూరమే డేరా లోపల టికెట్టు రేటుగా మారింది. అయితే ఆ రేటులో ఒక చిల్లు ఉంది. డబ్బులుంటే ఎవడైనా కుర్చీ టికెట్ కొనచ్చు. గుడిలో ఆ వీలు లేదు. ఊరి బావి దగ్గర లేదు. రచ్చబండ మీద లేదు. సినిమా హాల్లో ఉంది. చదువుకున్న దళిత కుర్రాడు నేల వదిలి కుర్చీలోకొచ్చి కూర్చోగలడు. కాలు చాపుకోగలడు. ముందు కూర్చున్నవాడికి మండింది కాలికి కాదు, ఆ కాలు అక్కడిదాకా రాగలిగినందుకు.

1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టింది దాహం వేసి కాదు. అది అందరి చెరువు అని తేల్చడానికి. సినిమా హాలు కుర్చీ కూడా అలాంటి చెరువే. మన విమర్శకులు తెర మీద ఏముందో పుంఖానుపుంఖాలుగా రాశారు. తెర ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో రాసినవాళ్లు చాలా తక్కువ.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా పట్టణంలో కొందరు మిత్రులు లాభాపేక్ష లేని ఒక ఫిల్మ్ సొసైటీ మొదలుపెట్టారు. టీచర్లు, యూనివర్సిటీ విద్యార్థులు, ఇద్దరు ముగ్గురు హక్కుల కార్యకర్తలు. అందరూ మనవాళ్లే. నేనూ చందా కట్టాను. నెలకొక సినిమా చొప్పున నాలుగు నెలల కార్యక్రమం అచ్చేసి పంచారు. సత్యజిత్ రాయ్ ‘సద్గతి’, నర్సింగరావు ‘దాసి’, నాగరాజ్ మంజులే ‘ఫండ్రీ’, మారి సెల్వరాజ్ ‘పరియేరుమ్ పెరుమాళ్’. జాబితా చూసి సంతోషపడ్డాను. కరపత్రంలో ఆశయం చదివి ఆగిపోయాను. ప్రజల అభిరుచిని పెంచడం, మంచి సినిమాని పరిచయం చెయ్యడం తమ పని అని రాసుకున్నారు. ఎవరి అభిరుచిని ఎవరు పెంచాలి? అభిరుచి తక్కువైంది ఎవరికి?

ఈ మాట మిత్రులు కనిపెట్టింది కాదు. మన దేశంలో ఫిల్మ్ సొసైటీ పుట్టుకలోనే ఉంది. 1947లో రాయ్, చిదానంద దాస్‌గుప్తా, వాళ్ల స్నేహితులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ ఫెడరేషన్‌గా ఏర్పడ్డాయి, రాయే అధ్యక్షుడు. వాళ్లు చేసిన మేలు చిన్నది కాదు. ఇటలీ, జపాన్, రష్యా సినిమాలు మనకి తెలిసింది వాళ్ల వల్లే. ‘పథేర్ పాంచాలి’ లాంటి సినిమాని అర్థం చేసుకునే ప్రేక్షకులు కొంతవరకైనా తయారైంది అక్కడే. కానీ సభ్యత్వం ఉన్నవాళ్లకే ప్రదర్శన. సభ్యత్వానికి చందా కావాలి, ఇంగ్లీషు కావాలి, సాయంత్రం తీరిక కావాలి, ఆ హాల్లోకి అడుగుపెట్టే ధైర్యం కావాలి. టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్ అని ఒకటుండేది. ఫిల్మ్ సొసైటీలో నేల టికెట్టే లేదు. అందరూ సమానంగా కుర్చీల్లోనే కూర్చున్నారు. ఎందుకంటే నేల మీద కూర్చునే జనం అసలు లోపలికే రాలేదు. ఆ సమానత్వం అగ్రహారంలో ఉండే సమానత్వం లాంటిది.

కాబట్టి నా గొడవ సినిమాల జాబితాతో కాదు. జాబితా వెనకున్న చూపుతో. ఇక సినిమాలు ఒక్కొక్కటే చూద్దాం.

‘సద్గతి’ 1981లో దూరదర్శన్ కోసం ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా తీసింది. కూతురి పెళ్లి నిశ్చయానికి ముహూర్తం పెట్టమని దుఃఖీ అనే చమారు పండితుడి ఇంటికెళతాడు. పండితుడు వాకిలి ఊడిపిస్తాడు, పొట్టు మోయిస్తాడు, మొద్దు చీల్చమంటాడు. తిండి లేదు, ఒంట్లో జ్వరం. మొద్దు ముందే చచ్చిపోతాడు. ఓంపురి నటన చూసి ఏడవనివాడుండడు. ఇబ్బంది అక్కడే ఉంది. ఈ సినిమా చూసిన అగ్రకుల ప్రేక్షకుడు ఏడ్చి, తేలికపడి ఇంటికెళ్లిపోతాడు. తాను ఆ పండితుడిలాంటివాడు కాదని సర్టిఫికెట్ ఇచ్చుకుంటాడు. దళిత ప్రేక్షకుడికి మిగిలేది ఇంకొక శవం.

అయితే అదే సినిమాలో ఇంకో సంగతి ఉంది. దుఃఖీ శవాన్ని తియ్యడానికి చమార్లు ఒప్పుకోరు. పని మానెయ్యడం అంటే అదే. చచ్చిన గొడ్డుని ఎత్తం అని మనోళ్లు ఎన్ని ఊళ్లలో చెప్పారో, చెప్పినందుకు ఎన్ని దెబ్బలు తిన్నారో మనకి తెలుసు. ఆ నిరాకరణ వల్లే పండితుడు శవం కాలికి తాడు కట్టి తన చేత్తో తాను ఈడ్చుకెళ్లాల్సి వస్తుంది. ‘సద్గతి’లో అసలు ఘటన చావా, నిరాకరణా? రాయ్ కెమెరా చావు దగ్గర ఎక్కువ సేపు నిలబడింది. మనం చర్చలో నిరాకరణ దగ్గర నిలబడాలి. ఆ పని వాడ నుంచి వచ్చిన ప్రేక్షకుడు చేసినట్టు పట్నం విమర్శకుడు చెయ్యలేడు.

‘దాసి’ 1988 నాటిది. తెలంగాణ దొర గడీలో దాసి బతుకు. కమలాక్షిగా నటించిన అర్చనకి జాతీయ అవార్డు వచ్చింది. మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. గడీ గోడలు, గుమ్మాలు, వంటిల్లు, పడకగది. దొర కోరికకీ, దొరసాని చిరాకుకీ, కడుపులో పడ్డ బిడ్డకీ కూడా తానే మూల్యం చెల్లించే ఆడమనిషి. వెట్టి అంటే ఏమిటో పుస్తకాల్లో చదివినవాళ్లకి ఈ సినిమా ఒళ్లు జలదరింపజేస్తుంది. నర్సింగరావు భూస్వామ్య కుటుంబంలో పుట్టినవాడు. ఆ గడీ ఆయనకి లోపల్నుంచి తెలుసు. సినిమా బలం అదే, హద్దు కూడా అదే. గడీలో ప్రతి మూలా మనకి తెలుస్తుంది. కమలాక్షి ఏ వాడ నుంచి వచ్చింది, అక్కడ ఆమెని ఎవరు ఏమని పిలిచేవాళ్లు, గడీ లేని చోట ఆమె ఎలా నవ్వేది, ఇవి తెలియవు. దొరతనాన్ని ద్వేషించే సినిమా కూడా దొర ఇంట్లో నుంచే చూడాల్సి వచ్చింది. దీన్ని తప్పుగా అనడం లేదు. ఆ ఇంట్లో పుట్టినవాడు నిజాయితీగా అంతవరకే చూపగలడు. మిగతాది చూపాల్సింది మనం.

‘ఫండ్రీ’ దగ్గరికొచ్చేసరికి కెమెరా ఇల్లు మారింది. 2013 నాటి మరాఠీ సినిమా. తీసిన మంజులే షోలాపూర్ జిల్లా వడ్డెర కుటుంబం నుంచి వచ్చాడు. కైకాడీ కులపు పిల్లవాడు జబ్యా. ఆ కులం వాళ్ల భాషలో ఫండ్రీ అంటే పంది. తోటి పిల్లలు, ఇష్టపడ్డ అమ్మాయి చూస్తుండగా ఇంటిల్లిపాదీ పందిని తరిమి పట్టాలి. పరుగు మధ్యలో బడిలో జనగణమన మొదలవుతుంది. వాళ్లంతా కదలకుండా నిలబడిపోతారు. తర్వాత పందిని కర్రకి కట్టి మోసుకుపోతుంటే వెనక గోడ మీద ఫూలే, అంబేడ్కర్ బొమ్మలు కనిపిస్తాయి. ఒక్క మాట లేకుండా రిపబ్లిక్ లెక్కంతా అక్కడ చెప్పేశాడు. ఆఖరున జబ్యా రాయి తీసి విసురుతాడు. రాయి సూటిగా కెమెరా వైపు, అంటే మన మీదకే వస్తుంది.

ఈ రాయికి ఒక పాత చుట్టం ఉంది. 1974లో శ్యామ్ బెనెగళ్ మన తెలంగాణ పల్లె నేపథ్యంలో తీసిన ‘అంకుర్’ చివర్లో కూడా ఒక పిల్లవాడు రాయి విసిరాడు. అది భూస్వామి కిటికీ అద్దం పగలగొట్టింది. హాల్లో కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు, ఎందుకంటే ఆ కిటికీ వాళ్లది కాదు. నలభయ్యేళ్లకి జబ్యా విసిరిన రాయి హాల్లో కూర్చున్నవాళ్ల మొహం మీదకొచ్చింది. సానుభూతి సినిమాకీ దళిత సినిమాకీ తేడా అడిగితే నేను ఈ రెండు రాళ్లూ చూపిస్తాను. మిత్రులు ‘ఫండ్రీ’కి ముందు ‘అంకుర్’ ఆఖరి ఘట్టం కూడా వేసి చూపితే, వంద ఉపన్యాసాల పని అవుతుంది.

‘పరియేరుమ్ పెరుమాళ్’ 2018 తమిళ సినిమా. పా. రంజిత్ సంస్థ తీసింది. తిరునల్వేలి లా కాలేజీలో చేరిన దళిత కుర్రాడు. స్నేహం చేసిన అమ్మాయి కులం వాళ్లు అతన్ని ఎంతెంత అవమానించాలో అంతా చేస్తారు. జానపద నాటకాల్లో ఆడవేషం వేసే అతని తండ్రిని బట్టలూడదీసి పరుగెత్తిస్తారు. సినిమా చివర ఎదురెదురుగా కూర్చున్న తర్వాత మిగిలేది బల్ల మీద రెండు టీ గ్లాసులు, మధ్యలో ఒక పువ్వు. ఇది తమిళనాడు సంగతి అని మనం ఊరుకోలేం. మన జిల్లాల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద ఎన్ని టీ కొట్ల ముందు పోరాటాలు జరిగాయో పాత కార్యకర్తల్ని అడగండి. ఆ గ్లాసుల అర్థం సినిమా పత్రికలు చదివి తెలుసుకోవాల్సిన అవసరం మనోళ్లకి లేదు. అభిరుచి ఎవరికుందో, ఎవరికి నేర్పాలో ఇక్కడ తిరగబడుతుంది.

జాబితాలో లేనిది ఒకటుంది. అది లేకపోవడమే నాకు పెద్ద లోటుగా తోచింది. నాలుగు సినిమాలూ మగవాళ్లు తీసినవే. దళిత ఆడవాళ్లు కెమెరా పట్టిన చోటు మన నేల మీదే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు, బడి మొహం చూడనివాళ్లు, కూలికి పోయేవాళ్లు, వీడియో నేర్చుకున్నారు. కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. విత్తనాల మీద, పాత పంటల మీద, వరంగల్ రైతుల్ని ముంచిన బీటీ పత్తి మీద సినిమాలు తీశారు. కెమెరా కోణాలకి వాళ్లు పెట్టుకున్న పేర్లు వినండి. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. పటేలు మనల్ని చూసేది అలాగే. కింద నుంచి పైకి చూసేది బానిస చూపు. కళ్లకి కళ్లు సమానంగా పెట్టి తీస్తే అది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు కాబట్టి. ప్రపంచంలో ఏ సినిమా కాలేజీ పాఠమూ కెమెరా ఎత్తులో ఇంత రాజకీయం ఉందని ఇంత తేలిగ్గా చెప్పలేదు. ఆ సంస్థని నడిపించింది బయటి నుంచి వచ్చిన చదువుకున్నవాళ్లు కదా అని కొందరంటారు. ఆ విమర్శ చెయ్యాల్సిందే. కానీ ఆ పేర్లు పెట్టింది మాత్రం జీవితమంతా పటేలు చూపు కింద నిలబడ్డ ఆడవాళ్లు.

నేను ఈ వ్యాసమంతా వెతుకుతున్న కొలబద్ద వాళ్లే ఇచ్చారు. ‘సద్గతి’ జాలితో చూసినా పైనుంచే చూసింది. ‘ఫండ్రీ’ సంఘం షాట్‌కి దగ్గరగా వచ్చింది. మరి మన ఫిల్మ్ సొసైటీ ప్రేక్షకుణ్ణి ఏ ఎత్తు నుంచి చూస్తోంది? అభిరుచి పెంచుతాం అనేది పటేల్ షాట్. కూర్చుని కలిసి చూద్దాం, మీరు చూసింది మాకు చెప్పండి అనేది సంఘం షాట్.

వేరే దారిలో నడిచినవాళ్లు లేకపోలేదు. 1980లలో కేరళలో జాన్ అబ్రహం, అతని మిత్రులు ఒడెస్సా పేరుతో ఊరూరా తిరిగి చాప్లిన్ సినిమా చూపించి, జనం దగ్గర చందాలు పోగేసి, ఆ డబ్బుతో 1986లో ‘అమ్మ అరియాన్’ తీశారు. ఆనంద్ పట్వర్ధన్ 1997 రమాబాయి నగర్ కాల్పుల తర్వాత పద్నాలుగేళ్లు తీసిన ‘జైభీమ్ కామ్రేడ్’ని ముంబయి దళిత బస్తీల్లో తెర కట్టి చూపించాడు. చెన్నైలో నీలం సాంస్కృతిక కేంద్రం 2022లో పి.కె. రోసీ పేర ఫిల్మ్ ఫెస్టివల్ మొదలుపెట్టింది. ఎవరీ రోసీ? మలయాళంలో తొలి సినిమా ‘విగతకుమారన్’లో నాయర్ స్త్రీగా నటించిన దళిత స్త్రీ. అది ఓర్వలేక తెర మీద రాళ్లు రువ్వారు. ఆమె ఊరొదిలి పారిపోవాల్సి వచ్చింది. ఆ సినిమాలో ఒక్క అడుగు రీలు కూడా మిగల్లేదు. కనపడకుండా చేసిన మనిషి పేరు సినిమా చూసే చోటుకి పెట్టడం ఊరికే పెట్టిన పేరు కాదు.

సినిమా చూడటం అంత పెద్ద విషయమా అనే కార్యకర్తలున్నారు. వాళ్లకి 2015 గుర్తుచేస్తాను. ఆ ఏడాది ఆగస్టు 1న ఢిల్లీలో ఒక కాలేజీలో ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ ప్రదర్శనని అడ్డుకున్నారు. ఒక సినిమా చూసే హక్కు కోసం హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నిరసన తెలిపింది. అక్కడ మొదలైన గొడవ అయిదుగురు దళిత పరిశోధకుల సస్పెన్షన్ దాకా, హాస్టలు నుంచి వెళ్లగొట్టడం దాకా, ఆరుబయట వెలివాడ దాకా పోయింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకి లేకుండా పోయాడు. చుండూరులో సీటు, హైదరాబాద్‌లో ప్రదర్శన. తెర ముందు కూర్చోవడం మనకి ఎప్పుడూ వినోదం మాత్రమే కాలేదు.

అందుకే మిత్రులకి కొన్ని మాటలు. మొదటిది, చోటు. ప్రదర్శన కాలేజీ సెమినార్ హాల్లో అన్నారు. నాలుగింట్లో రెండు వాడలో, అంబేడ్కర్ బొమ్మ దగ్గర, తెర కట్టి వెయ్యండి. ఊరివాళ్లు వాడకి నడిచి రావాలి. వాళ్లు వస్తారా రారా అన్నదే మొదటి చర్చ. రెండోది, కూర్చోవడం. ముందు వరస కుర్చీలు అతిథులకని అట్టిపెట్టకండి. అందరికీ చాపలు, లేదా అందరికీ కుర్చీలు. మూడోది, భాష. నాలుగింట్లో మూడు సినిమాలు తెలుగు కాదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పడతాయి. అది చదవగలిగింది మనలో ఎందరు? మూకీ రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. ఆ మనిషిని మళ్లీ తీసుకురండి. వాడలో కథ చెప్పగలవాళ్లకి కొదవా? నాలుగోది, వేళ. ఆరింటికి మొదలంటే వంట చేసే ఆడవాళ్లు రారు. వాళ్లని అడిగి వేళ పెట్టండి. అయిదోది, మాట. సినిమా అయ్యాక మొదటి మాట ప్రొఫెసర్‌ది కాకూడదు. మొదటి మాట నేల మీద కూర్చున్న మనిషిది. ప్రొఫెసర్ చివర్లో మాట్లాడినా ప్రొఫెసరే. ఆరోది, ఎంపిక. వచ్చే నాలుగు నెలల జాబితా వేసేది చూసినవాళ్లు కావాలి.

ఇవి చిన్న విషయాలని కొట్టిపారెయ్యొద్దు. రిజిస్ట్రేషన్, చందా పుస్తకం, సినిమా హక్కుదారుల అనుమతి, ప్రొజెక్టర్ అద్దె, వీటి గురించి మిత్రులు శ్రద్ధగా ఆలోచించారు. ఉచితంగా చూపినా అనుమతి తీసుకోవడం మంచిది. రేపు ప్రదర్శన ఆపాలనుకునేవాడికి మన చేతకానితనం సాకు కాకూడదు. అంతే శ్రద్ధ చాప మీద, వేళ మీద, మొదటి మాట మీద పెట్టమంటున్నాను.

నేను ఈ సొసైటీకి వ్యతిరేకిని కాను. నాలుగు ప్రదర్శనలకీ వస్తాను. చాపలు మొయ్యమంటే మోస్తాను. ఒక్కటే కోరిక. దీపాలార్పాక ఎవరి కాలైనా ముందున్నవాళ్లకి తగలొచ్చు. తగిలినవాడు వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ చూపు ఏ షాట్ అవుతుందో, మన ఫిల్మ్ సొసైటీ ఎవరిదో ఆ క్షణంలో తేలుతుంది.